పెట్టె లేని ప్రసారం

ప్రసార ఇంజనీరింగ్‌లో జీవితం గడిపిన ఒక పెద్దాయన పేరు మీద జరుగుతున్న ఉపన్యాసం ఇది. ఇలాంటి సందర్భంలో ఆ వృత్తి సాధించిన ఘనతలు చెప్పుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం మన దేశంలో ఆ వృత్తికి ఎదురైన ఒక ఓటమిని ఎంచుకున్నాను. 2016 ఫిబ్రవరి 25న దూరదర్శన్ 16 నగరాల్లో డిజిటల్ భూతల ప్రసారాలు మొదలుపెట్టింది. డిష్ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు, నెల నెలా చందా లేదు. ఎంచుకున్న ప్రమాణం డీవీబీ-టీ2, అప్పటికి ప్రపంచంలో వాడుకలో ఉన్నవాటిలో మేలైనది. ఆ 16 నగరాల్లో హైదరాబాద్ లేదు, విజయవాడ లేదు, విశాఖ లేదు. కాబట్టి ఇక్కడివాళ్లకు ఇది మొదలైన సంగతే తెలియకపోతే ఆశ్చర్యం లేదు. చెన్నైలో, బెంగళూరులో, ముంబైలో ఉంటున్న తెలుగువాళ్లకైనా తెలిసిందన్న నమ్మకం నాకు లేదు. ప్రసారం గాలిలో ఉంది, పట్టుకునే పెట్టె ఇళ్లలో లేదు. నా వాదమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. ప్రసార వ్యవస్థను చూసేవాడి ఇంటి నుంచి మొదలుపెట్టి టవర్ దాకా కట్టుకుంటూ పోవాలి. అలా కట్టిన దేశాల్లో అది నిలబడింది, టవర్ దగ్గర మొదలుపెట్టిన చోట కూలింది. మన ఓటమికి కారణం సాంకేతికతలో లేదు, పనులు చేసిన వరసలో ఉంది.

సాంకేతికతను తప్పుపట్టలేమని అనడానికి కొంత వివరం అవసరం. పాత అనలాగ్ టీవీ రోజుల్లో డాబా మీద ఒకరు అల్యూమినియం యాంటెన్నా తిప్పుతుంటే, కింద గదిలోంచి ఇంకొకరు ‘వచ్చింది, వచ్చింది, అక్కడే ఆపు’ అని కేకేయడం ఈ సభలో చాలామందికి తెలిసిన సంగతే. కొండకో నీళ్ల ట్యాంకుకో తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం అసలు బొమ్మ పక్కన నీడబొమ్మ వేసేది. డిజిటల్ పద్ధతి ఈ చిక్కును చాలా తెలివిగా విప్పింది. సమాచారాన్నంతా ఒకే వాహక తరంగం మీద పరుగులు పెట్టించకుండా, వేలాది సన్నటి తరంగాల మీద పంచి, ఒక్కొక్కదాని మీద నింపాదిగా పంపుతుంది. టీ2కు ముందు వచ్చిన డీవీబీ-టీలో 8కే అనే విధానాన్ని తీసుకుంటే 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్లో 6,817 వాహక తరంగాలు ఉంటాయి. ఒక్కో సంకేతం 896 మైక్రోసెకన్లు నిలుస్తుంది. దానికి ముందు నాలుగో వంతు, అంటే 224 మైక్రోసెకన్లు, రక్షణ వ్యవధిగా పెట్టుకోవచ్చు. ఆ వ్యవధిలోపు వచ్చిన ప్రతిధ్వనులు బొమ్మను చెడగొట్టవు. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది కనుక, 67 కిలోమీటర్లు ఎక్కువ దారి తిరిగి వచ్చిన తరంగమైనా హాని చెయ్యదన్నమాట. ఇక్కడి నుంచే ఇంకో పెద్ద లాభం పుట్టింది. పక్క ఊరి టవర్ కూడా అదే సంకేతాన్ని అదే క్షణంలో, అదే ఫ్రీక్వెన్సీ మీద పంపిస్తే, రిసీవర్ దాన్ని మరో ప్రతిధ్వనిగానే లెక్కేసుకుంటుంది. అనలాగ్ రోజుల్లో పక్కపక్క ట్రాన్స్‌మీటర్లకు వేరువేరు చానెళ్లు కేటాయించాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక రాష్ట్రమంతా ఒకే ఫ్రీక్వెన్సీ సరిపోతుంది. 2009లో వచ్చిన టీ2 ప్రమాణం 32 వేల తరగతి దాకా వాహక తరంగాలను, మరింత గట్టి దోష సవరణ పద్ధతిని తెచ్చింది. బ్రిటన్‌లో టీ మీద సెకనుకు 24 మెగాబిట్లు మోసిన అదే 8 మెగాహెర్ట్జ్, టీ2 మీద 40 మెగాబిట్లు మోసింది. అనలాగ్‌లో ఒక్క కార్యక్రమం పట్టిన చోట నాలుగైదు హెచ్‌డీ చానెళ్లు కూర్చుంటాయి.

దీనికి ఒక మూల్యం ఉంది. అనలాగ్ బొమ్మ మెల్లమెల్లగా చెడుతుంది. చుక్కలు చుక్కలుగా వచ్చినా వార్తలు వినొచ్చు, క్రికెట్ స్కోరు పోల్చుకోవచ్చు. డిజిటల్ బొమ్మ అలా కాదు. సంకేతం ఒక హద్దు దాకా ఉంటే శుభ్రంగా వస్తుంది, ఆ హద్దు దాటి కాస్త తగ్గిందా, గడులు గడులుగా విరిగి తెర నల్లబడుతుంది. కాబట్టి ఎన్ని మెగాబిట్లు కుక్కాలి, ఎంత గట్టిగా పంపాలి అన్నది పైకి ఇంజనీరింగ్ లెక్కలా కనిపించినా, నిజానికి ఎవరి ఇంట్లో బొమ్మ రావాలన్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఇంటి వైపు నుంచి తీసుకుంటే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. అక్కడ 1998 నవంబర్లో డిజిటల్ భూతల ప్రసారాలు మొదలైనప్పుడు పెద్ద భాగం చందా టీవీ చేతిలో ఉంది. ఆన్‌డిజిటల్ అనే ఆ సంస్థ తర్వాత ఐటీవీ డిజిటల్‌గా పేరు మార్చుకుంది. ఫుట్‌బాల్ లీగ్ హక్కులకు 31.5 కోట్ల పౌండ్ల ఒప్పందం చేసుకుని, చందాదారులు చాలక, రిసెప్షన్ మీద ఫిర్యాదులు ఆగక 2002లో మూతబడింది. అదే ఏడాది అక్టోబర్ 30న అవే టవర్ల మీద ఫ్రీవ్యూ వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లు రెండు పనులు చేశారు. చందా తీసేసి, ఒక్కసారి పెట్టె కొంటే చాలన్నారు. చానెళ్లను కట్టలుగా మోసే ఆరు మల్టీప్లెక్సుల్లో నాలుగింటిని 64-క్యామ్ అనే సంకేత పద్ధతి నుంచి అంతకన్నా గట్టిదైన 16-క్యామ్‌కు మార్చారు, అంటే సెకనుకు 24 మెగాబిట్లు మోసేదాన్ని 18కి కావాలని తగ్గించుకున్నారు. చానెళ్లు కొన్ని వదులుకుని, అంతకుముందు బొమ్మ నిలవని ఇళ్లకు బొమ్మ చేర్చారు. జనం పెట్టెలు కొన్నారు. 2007 అక్టోబర్లో వైట్‌హేవెన్ అనే చిన్న పట్టణంతో మొదలుపెట్టి, 2012 అక్టోబర్ 24న ఉత్తర ఐర్లాండ్‌తో ముగించి, దేశమంతా అనలాగ్ ఆపగలిగారు. 75 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు ఇంటికి వెళ్లి పెట్టె బిగించిపెట్టే పథకం కూడా అందులో భాగమే. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ 24 నుంచి 18కి దిగడమే. దిగితే ప్రేక్షకులు పెరుగుతారని చెప్పి ఒప్పించడం ఏ సంస్థలోనైనా తేలిక కాదు.

ఇతర దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బెర్లిన్ 2003 ఆగస్టులోనే అనలాగ్ ఆపేసింది. పేద కుటుంబాలకు పెట్టెకు సాయం అందింది. అయితే ప్రైవేటు చానెళ్లకు ఇచ్చిన ప్రసార ఖర్చు చెల్లదని యూరోపియన్ కమిషన్ తర్వాత తేల్చింది. అమెరికా ఇంటికి రెండు చొప్పున, 40 డాలర్ల విలువైన కూపన్లు పంచింది. కూపన్లకు కేటాయించిన డబ్బు అయిపోయి జాబితాలో జనం మిగిలిపోయేసరికి, 2009 ఫిబ్రవరి 17న ఆపాల్సిన అనలాగ్‌ను జూన్ 12 దాకా పొడిగించింది. అంత పెద్ద దేశం పెట్టెల కోసం తేదీ మార్చుకుంది. జపాన్ 2011 జూలై 24న ఆపింది, కానీ సునామీ దెబ్బతిన్న ఇవాతే, మియాగి, ఫుకుషిమా ప్రిఫెక్చర్లకు 2012 మార్చి 31 దాకా గడువిచ్చింది. జపాన్ పద్ధతిలో మరో విశేషం ఉంది. ఒక చానెల్‌ను 13 ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను చేతిలోని ఫోన్ల కోసం గట్టి సంకేతంతో విడిగా పెట్టారు. ఆ దేశంలో ఫోన్లో ఉచితంగా టీవీ రావడం 2006 ఏప్రిల్‌లోనే మొదలైంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైన టెలివిజన్, 1975-76లో ఉపగ్రహ ప్రయోగంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు వెళ్లింది. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకో ట్రాన్స్‌మీటర్ చొప్పున పెట్టుకుంటూ పోయి, చివరికి సుమారు 1,400 ట్రాన్స్‌మీటర్ల వ్యవస్థగా ఎదిగింది. ప్రపంచంలోని పెద్ద భూతల వ్యవస్థల్లో అదొకటి. ఆ తర్వాత ఇదే దేశం టెలివిజన్‌ను మూడు దారుల్లో డిజిటల్ చేసింది, వాటిలో రెండు గెలిచాయి. కేబుల్‌కు 2011లో చట్టం సవరించి గడువులు పెట్టారు. 2013 మార్చి 31 నాటి రెండో దశలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి, 2017 మార్చి నాటికి నాలుగో దశ ముగిసింది. పెట్టె లేకపోతే బొమ్మ లేదన్నారు కాబట్టి ఆపరేటరే ఇంటింటికీ పెట్టె తెచ్చి బిగించాడు. 2004 డిసెంబర్లో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలై ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్‌గా ఉన్నది ఇంకో దారి. చందా లేదు, డిష్షూ పెట్టే ఏ చిన్న పట్టణంలోనైనా దుకాణంలో దొరుకుతాయి, ప్రైవేటు చానెళ్లు వేలంలో స్లాట్లు కొనుక్కుని వస్తాయి. అంచనాల ప్రకారం 4 కోట్లకు పైగా ఇళ్లలో ఉంది. భూతల ప్రసారానికి ఇవేవీ జరగలేదు. టీవీ సెట్లలో టీ2 ట్యూనర్ ఉండి తీరాలన్న నిబంధన లేదు. ఫోన్‌కు తగిలించే డాంగిల్ కొనుక్కోమన్నారు. ఆ డాంగిల్ కొన్నవాడికి వచ్చేవి డీడీ నేషనల్, డీడీ న్యూస్, డీడీ భారతి, డీడీ స్పోర్ట్స్, ప్రాంతీయ చానెలో కిసాన్ చానెలో ఒకటి. ఇవన్నీ ఫ్రీ డిష్‌లో, కేబుల్లో అప్పటికే ఉన్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి ప్రారంభోత్సవాల కోసమే పుట్టిందేమో.

జనాన్ని ఇటు తిప్పడానికి ఆకర్షణ ఏదీ లేదా అంటే, ఉంది. ముఖ్యమైన క్రికెట్ మ్యాచ్‌ల సంకేతాన్ని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతోంది. ఆ సంకేతాన్ని దూరదర్శన్ తన సొంత భూతల, డీటీహెచ్ వ్యవస్థల మీదే చూపించాలి తప్ప కేబుల్‌కు ఇవ్వకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే దేశం అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునే బొమ్మ మీద భూతల ప్రసారానికి చట్టమే ఒక ప్రత్యేక స్థానం కల్పించింది. దుకాణంలో పెట్టె ఉండుంటే అప్పుడే అమ్ముడయ్యేది. అదే ఏడాది జనవరి 31న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సులు చేసింది. ప్రైవేటు సంస్థలనూ భూతల ప్రసారంలోకి రానివ్వాలని, మహానగరాల్లో 2019 చివరికి, పది లక్షలు దాటిన నగరాల్లో 2021 చివరికి, మిగతా దేశంలో 2023 చివరికి అనలాగ్ ఆపాలని అందులో ఉంది. ఆ సిఫార్సుల్లో నడిచింది ఆపే భాగమే. 2022 మార్చి నాటికి, వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా, అనలాగ్ ట్రాన్స్‌మీటర్లన్నీ మూసేస్తామని 2021 అక్టోబర్లో ప్రసార భారతి ప్రకటించింది. పాతది పోయింది, దాని స్థానంలో రావాల్సింది రాలేదు.

ఇక్కడ ఎవరైనా అడగదగిన ప్రశ్న ఒకటుంది. ఆపేసినప్పుడు ఎవరూ గోల చెయ్యలేదంటే ఎవరికీ అక్కర్లేదనేగా అర్థం? అనలాగ్ వరకు అది నిజమే. చూసేవాళ్లు అప్పటికే కేబుల్‌కో డిష్‌కో వెళ్లిపోయారు. కానీ పాత బస్సు ఖాళీగా తిరిగిందని ఆ రోడ్డే అక్కర్లేదని తేల్చలేం. స్విట్జర్లాండ్ ప్రజా ప్రసార సంస్థ 2019 జూన్‌లో డిజిటల్ భూతల ప్రసారాన్ని కూడా ఆపేసింది. అక్కడ దాదాపు అందరిళ్లకూ కేబులో బ్రాడ్‌బ్యాండో ఉంది, ఆ లెక్క చూసుకునే ఆపారు. గచ్చిబౌలిలో ఫైబర్ ఉన్న అపార్ట్‌మెంట్‌కు భూతల ప్రసారం అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. అదే మాట మొబైల్ డేటా రీచార్జ్ మీద బతికే ఇంటికి వర్తిస్తుందని మాత్రం ఒప్పుకోను.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఫ్రీ డిష్ నుంచి వస్తుంది. ఒక్క ఉపగ్రహం దేశమంతా కప్పుతుంటే వందల టవర్లు దేనికి? ఖర్చు ఒక్కటే చూస్తే దీనికి జవాబు లేదు, ఉపగ్రహమే చౌక. టీవీలోనే ఉపగ్రహ ట్యూనర్ పెట్టే విధానానికి భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ప్రమాణం తెచ్చిందంటే ప్రభుత్వం మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. అయితే ఉపగ్రహ కిరణం శ్రీకాకుళాన్నీ శ్రీగంగానగర్‌నీ ఒకే చూపు చూస్తుంది. ఒక్క జిల్లాకు మాత్రమే పనికొచ్చే మాట చెప్పడానికి దేశం మొత్తం మీద ఒక చానెల్ వెచ్చించాలి. ఉపగ్రహ టీవీ వాడే కేయూ బ్యాండ్‌లో, కుండపోత వాన పడితే బొమ్మ పోతుంది. తుపాను హెచ్చరిక అవసరమయ్యేదీ సరిగ్గా అప్పుడే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డాక కరెంటూ మొబైల్ నెట్‌వర్కూ రోజుల తరబడి దెబ్బతిన్నాయి. ఒక సెల్ టవర్ కొద్ది కిలోమీటర్లకే పనిచేస్తుంది, కరెంటు పోతే బ్యాటరీ మీద ఎంతో సేపు నిలవదు. ఎత్తైన ప్రసార టవర్ ఒక్కటి, డీజిల్ జనరేటర్ మీద, పదుల కిలోమీటర్ల మేర చేరుతుంది. ఆ టవర్ కూడా కూలొచ్చు కదా అంటే, కూలొచ్చు. కానీ బాగుచెయ్యాల్సింది ఒక్కదాన్ని. అలాంటి వేళ బ్యాటరీ రేడియో ఇంకా మేలని ఎవరైనా అంటే వాదించను. అయితే ఫోన్ ఉన్నన్ని చేతుల్లో రేడియో ఇప్పుడు లేదు. దూరదర్శన్ పట్ల నా అసంతృప్తి కూడా ఈ జిల్లా విషయంలోనే. 1,400 ట్రాన్స్‌మీటర్లు చేతిలో ఉన్న రోజుల్లో వాటిచేత ఎక్కువగా ఢిల్లీ మాటనూ రాష్ట్ర రాజధాని మాటనూ తిరిగి చెప్పించింది తప్ప, ఊరి మాట ఊరికి చెప్పించలేదు. జనానికి టవర్‌తో అనుబంధం ఏర్పడకపోవడానికి అదొక కారణం.

స్పెక్ట్రమ్ విలువ సంగతి కూడా తరచూ ముందుకు తెస్తారు. ఈ ఫ్రీక్వెన్సీలు వేలం వేస్తే ఖజానాకు డబ్బు వస్తుందని వాదన. 2022 వేలంలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ఒక్క బిడ్డూ రాలేదు. ఇది శాశ్వతమైన జవాబు కాదు, రేపు రావచ్చు. శాశ్వతమైనది వేరే ఉంది. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాలితరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మన తెలుగువారే. ఆస్తి ప్రజలదైనప్పుడు దాని ధర ఒక్కటే లెక్క కాదు, దాని మీద ఏం నడుస్తోందన్నదీ లెక్కే. ఇంటర్నెట్‌లో వీడియో చూస్తే ఎవరు ఏం చూశారో ఎక్కడో ఒకచోట నమోదవుతుంది, డేటా అయిపోతే బొమ్మ ఆగుతుంది. ఒకే మ్యాచ్‌ను ఒకే వీధిలో వెయ్యిమంది చూస్తే అదే బొమ్మ వెయ్యిసార్లు ప్రయాణిస్తుంది. యాంటెన్నాకు ఈ మూడు ఇబ్బందులూ లేవు. ఎంతమంది చూసినా సంకేతం ఒక్కటే, ఎవరు చూశారో టవర్‌కు తెలియదు.

ఇప్పుడు ఈ చర్చకు మళ్లీ ప్రాణం వచ్చింది. టవర్ నుంచి నేరుగా మొబైల్‌కు, డేటా లేకుండా వీడియో పంపే విధానాన్ని ఐఐటీ కాన్పూర్, సాంఖ్య ల్యాబ్స్, ప్రసార భారతి కలిసి ఏటీఎస్‌సీ 3.0 ప్రమాణం మీద పరీక్షించాయి. 2023లో బెంగళూరు, ఢిల్లీ, నోయిడాల్లో ప్రయోగాలు జరిగాయి. 470-582 మెగాహెర్ట్జ్ దీనికి కేటాయించాలన్న ఆలోచనను, 19 నగరాల్లో పరీక్షించాలన్న ప్రణాళికను 2024 మొదట్లో సమాచార ప్రసార శాఖ బయటపెట్టింది. టెలికాం కంపెనీలకు, ఫోన్ చిప్‌ల తయారీదారులకు ఇది రుచించలేదు. నాకు ఈ ఆలోచన నచ్చింది, దీన్ని నడిపించే తీరు మీదే అనుమానం. ఎందుకంటే మొబైల్ టీవీకి చరిత్ర ఉంది. అమెరికాలో మీడియాఫ్లో 2011లో మూతబడింది, జపాన్‌లో నాట్‌టీవీ 2016లో మూతబడింది. రెండూ చందా సేవలు, రెంటికీ ప్రత్యేక చిప్ కావాలి. జపాన్‌లోనే ఉచితంగా ఇచ్చిన ఆ ఒక్క ముక్క ప్రసారం కోట్ల ఫోన్లలోకి వెళ్లింది. అదీ చివరిదాకా నిలవలేదు. ఐఫోన్‌లో ఆ ట్యూనర్ ఎన్నడూ లేదు, ఐఫోన్ కొనేవాళ్లు పెరిగిన కొద్దీ దాని బలం తగ్గింది. ఉచితంగా ఇవ్వడం ఎంత అవసరమో, చిప్ ఎవరి ఫోన్లో ఎవరి ఖర్చుతో ఉంటుందో తేల్చడమూ అంతే అవసరమని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇది తేలకుండా టవర్లు పెడితే 2016 డాంగిల్ కథే మళ్లీ నడుస్తుంది.

కాబట్టి ఆ 19 నగరాల పరీక్షల్లో కొలవాల్సింది ఏమిటన్న దగ్గర నా మాట ఆపుతాను. ప్రసార ప్రణాళికల్లో ‘కవరేజి’ అని పటం మీద రంగు వేసేటప్పుడు, పాత అలవాటు ప్రకారం యాంటెన్నా నేల నుంచి 10 మీటర్ల ఎత్తున, డాబా మీద, టవర్ వైపు తిరిగి ఉందని అనుకుంటారు. ఫోన్ ఉండేది మీటరున్నర ఎత్తున, గోడల మధ్య. యాంటెన్నా ఎత్తు తగ్గినందుకు, గోడలు అడ్డం వచ్చినందుకు కలిపి 20 డెసిబెల్స్ దాటి నష్టపోవడం మామూలే. అంటే డాబా మీద అందిన దానిలో నూరో వంతు కూడా గదిలోకి రాదు. ఇన్ని లక్షలమందికి చేరుతుందని పటం చూపించినప్పుడు అది ఏ ఎత్తున, గోడకు ఏ పక్కన గీసిన పటమో ముందు అడగాలి. కింది అంతస్తు వంటగదిలో, కిటికీ మూసి, చౌక ఫోన్ పట్టుకుని తీసిన కొలత ఆ నివేదికలో లేకపోతే దాన్ని వెనక్కి పంపాలి. ఆ వంటగదిలో బొమ్మ రావడానికి బ్రిటన్‌లోలాగా చానెళ్లు తగ్గించుకోవాల్సి వస్తే తగ్గించుకోవాలి. ఎన్ని తగ్గించాలో, ఏవి ఉంచాలో తేల్చే పని ఇంజనీరు ఒక్కడిదే కాదు, జిల్లా తుపాను హెచ్చరిక ఆ మిగిలినవాటిలో ఉండాలని పట్టుబట్టాల్సిన మనదీ.